నడక ఆగిన తర్వాత

"గుండె బాగా కోలుకుంది. ఇక రోజూ చెమట పట్టేలా నడిపించండి" అని డాక్టరు చెప్పిన రోజే టైలరమ్మకి అసలు భయం పట్టుకుంది. ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి ఒంటినిండా తీగలు తగిలించి ఉంచినన్నాళ్లూ ఆమె కాస్త నిబ్బరంగానే ఉంది. పడుకున్న మనిషి ఎక్కడికీ పోడు. నడిచే మనిషి అలా కాదు. వీధి మలుపు తిరుగుతాడు, కంటికి కనబడకుండా పోతాడు, కనబడని చోట ఏమన్నా అవుతుంది. ఒకసారి అలాగే అయింది కూడా.

ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు పొద్దున డిపోలో బస్సు తీయబోతూ మెట్టు మీద కూర్చుండిపోయాడట. కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. తోటి డ్రైవర్లు నేల మీద పడుకోబెట్టి, అంబులెన్సు పిలిచి, ఆసుపత్రిలో చేర్చి, అప్పుడు ఆమెకి ఫోను చేశారు. ఇక్కడ ఇంత జరుగుతుంటే అక్కడ తను ఏం చేస్తోంది? ఎవరిదో కోటుకి జేబు కుడుతోంది. పైగా కూనిరాగం తీస్తోంది. ఆ కూనిరాగం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండిపోయేది.

మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, లోపల స్టెంటు పెట్టి పంపించారు. ఇంటికి తెచ్చుకున్న రోజునే ఆమె మనసులో ఒట్టు పెట్టుకుంది. ఈ మనిషి ఇక తన కళ్లెదుట నుంచి కదలడానికి వీల్లేదు. ఏమన్నా అయితే తన ముందే కావాలి, అప్పుడు తను కానివ్వదు. ఎలా కానివ్వదో మాత్రం ఆలోచించుకోలేదు. ఒట్టు పెట్టుకునేవాళ్లు అంత దూరం ఆలోచించరు.

వీధి వైపు గది ఆమె కుట్టు షాపు. గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, రెండు మిషన్లు, పొద్దస్తమానం ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె, తలల్లేని మూడు బొమ్మలు, ఒక నిలువుటద్దం. అద్దం ముందు జానెడు ఎత్తు చెక్కపీట. కొలతలకి వచ్చినవాళ్లు దాని మీదికి ఎక్కాలి, ఎక్కాక ఇక నోరు మెదపకూడదు. "నిటారుగా నిలబడు. భుజాలు వదిలెయ్యి. కదలొద్దన్నానా!" బయట ఎంత పెద్ద అధికారి అయినా ఆ పీట మీద బడిపిల్లాడే. నిటారుగా నిలబడి కదలకుండా ఉన్న మనిషి కొలతే అసలు కొలత, మిగతావన్నీ ఉత్తవి అని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమెకి అంత పేరు తెచ్చిపెట్టింది. ఆమె కుట్టిన కోటు ఎవరి భుజం మీదా ముడతపడదు.

నడక మొదలుపెట్టే ముందు ఆసుపత్రి కింది అంతస్తులో కొన్నాళ్లు నేర్పించారు. మొదటి రోజు వదిన కూడా వెంట వచ్చింది. వదిన అంటే డ్రైవరుకి స్వయానా అక్క. వీళ్ల పై అంతస్తులోనే ఉంటుంది. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పి చెప్పి రిటైరైంది. మైకు పోయిందిగానీ గొంతు పోలేదు. కసరత్తు నేర్పే ఫిజియోథెరపిస్టుని చూడగానే "ఈ కసరత్తు పిల్ల బాగుందే" అని ఆ గొంతుతో మెచ్చుకుంది. గదిలో సైకిలు తొక్కుతున్న రోగులందరూ తిరిగి చూశారు.

కసరత్తు పిల్ల డ్రైవరుని నడక బెల్టు మీదికి ఎక్కించి, వేగం పెంచుకుంటూ, ఆడవాళ్లిద్దరికీ ఓపిగ్గా చెప్పింది.

"నడుస్తున్నప్పుడు కాళ్ల కండలకి రక్తం ఎక్కువ కావాలమ్మా. అందుకని అక్కడి నాళాలు వెడల్పవుతాయి, గుండె జోరందుకుంటుంది. కాళ్లు ఆడుతున్నంతసేపూ పిక్కలు ఆ రక్తాన్ని పిండి మళ్లీ పైకి తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోయామనుకోండి, పిక్కలు పని మానేస్తాయి. నాళాలు మాత్రం అంత తొందరగా ముడుచుకోవు. రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది, తలకి అందదు. అందుకే చివర్లో నెమ్మదిగా నడిచి నడిచి, ఆ తర్వాత కూర్చోవాలి."

"అంటే బస్సుకి బ్రేకు వేసినట్టు గబుక్కున వెయ్యకూడదన్నమాట" అన్నాడు డ్రైవరు, రొప్పుతూనే.

"అంతే సార్. ఇంకో మాట. నడిచొచ్చాక కొన్ని గంటలపాటు బీపీ మామూలుకన్నా తక్కువగా ఉంటుంది. నాళాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి గుండెకి ఆ కాసేపూ బరువు తగ్గుతుంది. అది మంచిదే, కంగారుపడకండి."

టైలరమ్మ అక్కడే నిలబడి ఉంది. కానీ ఆమె చూపంతా అతని గుండె కొట్టుకోవడాన్ని చూపే తెరమీద ఎగిరెగిరి పడుతున్న పచ్చగీత మీదే ఉంది. ఆ గీత ఎక్కడ చదునైపోతుందోనని కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తోంది. మాటలు చెవిలో పడ్డాయి, బుర్రకి చేరలేదు.

"ఏమే, విన్నావా?" అంది వదిన.

"విన్నాను వదినా" అంది ఆమె. అబద్ధమాడుతున్నానని కూడా ఆమెకి తెలీదు.

ఇంటి దగ్గర నడక మొదలైంది. డ్రైవరు పొద్దున్నే వీధి చివరి చెట్ల దాకా వెళ్లి వచ్చేవాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి పీట మీద నిలబెట్టేది. బీపీ మిషను పట్టీ చేతికి చుట్టేది. "కూర్చుని చూసుకోవాలేమోనే" అని అతను ఒకసారి గొణిగాడు. "కూర్చుంటే పొట్ట మడతపడుతుంది, కొలత సరిగ్గా రాదు" అని ఆమె కసిరింది. కుట్టుపనిలో పండిపోయిన మనిషి మాటకి బస్సు నడిపేవాడు ఏం ఎదురు చెబుతాడు? నోరు మూసుకుని నిలబడ్డాడు.

వెళ్లేముందు చూస్తే నూట నలభై దాకా ఉండేది. వచ్చాక చూస్తే నూట పది, ఒక్కోసారి ఇంకా తక్కువ. మొదటిసారి ఆ అంకె చూడగానే ఆమెకి గుండె గుభేలుమంది. ఇన్నేళ్ల అనుభవంలో ఆమెకి తెలిసిందొక్కటే. కొలత తగ్గిందంటే మనిషి తగ్గుతున్నాడని. నడుము చుట్టూ టేపు వదులైనవాళ్లని "ఒంట్లో బాగోలేదా?" అని తనే అడుగుతుంది, అడిగినవాళ్లలో సగం మంది నిజంగానే రోగిష్ఠులు. ఇప్పుడు తన మొగుడి గుండె రోజురోజుకీ సన్నబడిపోతోంది, నడక పేరు చెప్పి తనే పంపించి ఉన్న బలమంతా తోడించేస్తోంది. ఈ ఆలోచన వచ్చాక ఆమెకి తిండి సయించలేదు.

"ఎంతుంది?" అని అతను అడిగితే "బాగుంది" అనేది, అంకె అతని కంట పడకుండా బీపీ మిషను ఆపేసి.

అతను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు చప్పుడు చెయ్యకుండా వెళ్లి ఛాతీ మీద చెవి పెట్టేది. గుండె కొట్టుకుంటూనే ఉండేది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఆ చిన్న ఖాళీలో ఆమె పై ప్రాణాలు పైనే పోయేవి. "జుట్టు గుచ్చుకుంటోందే" అని అతను కళ్లు మూసుకునే అనేవాడు.

ఇక నడకకి అడ్డుపడటం మొదలుపెట్టింది. ఒకరోజు మబ్బు పట్టిందంది. ఒకరోజు గుండీలు తెచ్చిపెట్టమని పక్క సందులోకి పంపింది. ఇంకోరోజు బూట్లు దాచేసింది. అతను చెప్పుల్లోనే బయల్దేరితే గుమ్మానికి అడ్డంగా బల్ల జరిపి గుడ్డ పరిచింది. ఆ రోజు అతనికి కోపం వచ్చింది.

"నెలాఖరుకి బెల్టు మీద పరిగెత్తించి పరీక్ష చేస్తారు. అందులో నెగ్గితేనే స్టీరింగ్ ఇస్తారు. లేకపోతే డిపోలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. నాకు బస్సు కావాలే."

"నాకు మీరు కావాలి."

"నేను కావాలా? నీకు కావాల్సింది నాలుగో బొమ్మ. వాటి పక్కనే నిలబెట్టుకో. ఎటూ తల ఉన్నా లేకపోయినా ఒకటే కదా నీకు!"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్న మాటకన్నా భయం పెద్దది. బల్ల జరపలేదు.

మర్నాడు అతను ఆమె షాపు తెరిచే హడావుడిలో ఉండగా పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

తెలిసేసరికి ఆమె వదినకి కొత్త కోటు సరిచూస్తోంది. వదిన పీట మీద, రెండు చేతులూ చాపి, ఒంటినిండా గుండుసూదులతో నిలబడి ఉంది. "తమ్ముడేడీ?" అని వదిన మామూలుగా అడిగింది. ఆమె వంటింట్లోకి, పెరట్లోకి, స్నానాలగదిలోకి పరిగెత్తి వచ్చి, పెరటి తలుపు తీసి ఉందని చెప్పింది. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఇద్దరికీ తెలీదు. ఆమె వీధి గుమ్మంలో నిలబడి కొంగలా మెడ చాచి చూస్తూనే ఉంది. వదిన సూదుల మధ్య నుంచి "వస్తాడే, వాడేమన్నా పాలుతాగే పిల్లాడా" అంటూనే ఉంది.

వచ్చాడు. నడిచి రాలేదు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. గట్టు మీది నీళ్లట్యాంకు దాకా ఎక్కి, అక్కణ్ణుంచి దిగి, మొహం కందగడ్డలా చేసుకుని, చొక్కా మొత్తం తడిపేసుకుని వచ్చాడు. మొహమంతా నవ్వే.

"ట్యాంకు దాకా! చూశావా? ఎక్కడా ఆగలేదు!"

"ఆగండి!" అని ఆమె అరిచింది. వదినని పీట మీంచి దింపి, అతన్ని ఎక్కించింది. "కదలొద్దు. నిటారుగా. చెయ్యి ఇలా ఇవ్వండి."

"కొంచెం అటూ ఇటూ తిరుగుతానే. కసరత్తు పిల్ల చెప్పింది..."

"కదిలితే అంకె తప్పొస్తుంది!"

ఇస్త్రీపెట్టె బుసకొడుతోంది. గదంతా ఉడికిపోతోంది. పట్టీ ఉబ్బి, ఆగి, మళ్లీ ఉబ్బింది. అంకె రావట్లేదు. ఆమె మిషను వైపే చూస్తోంది. వదినే ముందు చూసింది. "వాడి మొహమేంటే అలా తెల్లబడింది?" అంది.

ఆమె తల ఎత్తింది. ఇందాకటి ఎరుపంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. పెదాలు బూడిదరంగులోకి తిరిగాయి. "చీకటిగా ఉందేంటి?" అన్నాడు అతను, ఎక్కడో దూరం నుంచి అన్నట్టు. మోకాళ్లు వదిలేశాయి.

పడనివ్వలేదు. రెండు చంకల కిందా చేతులు దూర్చి, అద్దం పక్క గోడకి నొక్కి, తన ఒళ్లంతా ఆన్చి నిలబెట్టింది. ఆమెకి అంత బలం ఎక్కడిదో ఆమెకే తెలీదు. అతని తల ఆమె భుజం మీద వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, తెల్లగుడ్లే కనబడుతున్నాయి. చెయ్యి ఒకటి రెండుసార్లు ఎగిరెగిరి పడింది.

"దించు! పడుకోబెట్టు!" అని వదిన అరిచింది.

"పడనివ్వను!"

"ఒసే, దించవే!"

ఆమె వినలేదు. డిపోలో అలాగే దించారు. నేల మీద పడుకోబెట్టారు. నిలబడి ఉన్నంతసేపే మనిషి. నేల మీద పెట్టామంటే ఇక లేవడు. ఆ క్షణంలో ఆమె బుర్రలో ఉన్నదదొక్కటే. ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ అతను బరువెక్కుతున్నాడు, చల్లబడుతున్నాడు, మొహంలో ప్రాణమన్నది లేదు.

వదిన చేతులు మడతపడవు, ఎక్కడికక్కడ సూదులు. అలాగే బల్ల మీదున్న ఫోను మీదికి వంగి, అంబులెన్సు నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. అటు మాట్లాడిన మనిషి తాపీగా, స్పష్టంగా అడిగాడు.

"పేషెంటు పడుకుని ఉన్నారా, కూర్చుని ఉన్నారా?"

"నిలబడి ఉన్నాడు బాబూ! నా మరదలు నిలబెట్టి పట్టుకుంది!"

"ముందు వదిలెయ్యమనండి. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తండి. నిలబెడితే తలకి రక్తం అందదు. వినబడుతోందా అమ్మా? మీరు పట్టుకోవడం వల్లే ఆయనకి స్పృహ రావట్లేదు. వదిలెయ్యండి."

వదిన కోటు చిరిగేలా చేతులు చాపి వచ్చి, రైళ్ల రాకపోకలు చెప్పిన ఆ గొంతుతో ఆమె చెవి పక్కనే అంది. "వదులు."

అప్పుడు వదిలింది. బతుకులో ఆమె చేసిన అతి కష్టమైన పని అదే. పిడికిళ్లు విప్పి, అతన్ని గోడవెంట జారనిచ్చి, తల నేలకి తగలకుండా అరచెయ్యి పెట్టి పడుకోబెట్టింది. వదిన కాళ్లెత్తి పీట మీద పెట్టింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. చచ్చిపోయిన మొహం చూడటం ఆమె వల్ల కాదు.

"ఈ సూదులేంటి, నా కాలికి గుచ్చుకుంటున్నాయి" అన్న గొంతు వినబడింది.

కళ్లు తెరిచేసరికి అతని పెదాల్లోకి రంగు తిరిగి వస్తోంది. వదిన నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టి, ఏడుపులోకి దిగింది. టైలరమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తన రెండు చేతులకేసీ చూసుకుంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. గుండెకి ఏమీ కాలేదు. స్టెంటు చెక్కుచెదరలేదు. పైగా పోయిన నెలకన్నా గుండె బాగా పనిచేస్తోంది. కసరత్తు పిల్ల మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి గదిలో పచ్చగీత ఏదీ లేదు కాబట్టి ప్రతి మాటా టైలరమ్మ బుర్రకి చేరింది. పరుగు వల్ల తెరుచుకున్న నాళాలు, గది వేడికి ఇంకాస్త తెరుచుకున్నాయి. కదలొద్దన్నందుకు పిక్కలు పని మానేశాయి. పడితే చాలు, రక్తం తనంతట తనే తలకి చేరేది. పడనివ్వలేదు. రోజూ తగ్గి కనబడి భయపెట్టిన ఆ అంకె, అతని గుండెకి నడక ఇచ్చిన విశ్రాంతి. దాన్ని చూసే ఆమె నడక మాన్పించబోయింది.

"నేనే చంపబోయానన్నమాట" అంది ఆమె.

"అలా అనకండమ్మా" అంది ఆ అమ్మాయి. కానీ కాదనలేదు.

ఇంత చెప్పినా డ్రైవరు నమ్మలేదు. ఇన్నాళ్లూ నవ్వుతూ తిరిగిన మనిషికి ఇప్పుడు భయం పట్టుకుంది. "వాళ్లు ధైర్యానికి అలాగే చెబుతారే. లోపల ఏదో ఆగింది. నాకు తెలిసింది" అన్నాడు. బూట్లు తనే తీసి మంచం కిందికి తోసేశాడు. డిపోకి ఫోను చేసి, పరీక్షకి రానన్నాడు, కుర్చీ ఉద్యోగమే ఇమ్మన్నాడు. షాపులో కుర్చీ వేసుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కోరుకున్నది అదే కదా! తల ఎత్తితే చాలు, ఎదురుగా మొగుడు. నిశ్చింతగా కుట్టుకుంది. అతను గుండీల డబ్బా అందించేవాడు, దారం రీలు అందించేవాడు. వారం తిరిగేసరికి అతను తుమ్మొస్తే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకోవడం ఆమె గమనించింది. వదిన ఏదో హాస్యమాడితే నవ్వు ఆపుకోవడం గమనించింది. బయట బస్సు హారను వినబడితే అతను తల తిప్పి గోడకేసి చూశాడు. ఇది బతికి ఉండటం కాదు. తన భయాన్ని తనే అతనికి ఎక్కించింది, ఇప్పుడు దాన్ని దింపేవాళ్లు లేరు.

ఒక పొద్దున ఆమె ఉన్నట్టుండి లేచి, ఇస్త్రీపెట్టె వేడెక్కనిచ్చి, అతనికేసి తిరిగింది.

"నా గుండెకి ఏ రోగమూ లేదు కదా?"

"గుండెకి కాదు, నీ బుర్రకే" అన్నాడు అతను.

"అయితే చూడండి."

మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. పై దాకా ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. వదిన తలుపు తెరిచి "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని వెనకాలే వచ్చింది. ఏళ్ల తరబడి మిషను ముందు కూర్చున్న ఒళ్లు, మూడోసారికే ఊపిరి అందలేదు. ఆపలేదు. చెమటలు కక్కుకుంటూ, పరుగున షాపులోకి వచ్చి, పీట ఎక్కి, అద్దం ముందు కొయ్యలా బిగిసి నిలబడింది.

"పరుపు వేయండి వదినా, నా వెనకాల" అంది. వదిన గొణుక్కుంటూనే లోపలి పరుపు ఈడ్చుకొచ్చి వేసింది.

మొదట ఏమీ కాలేదు. గుండె మాత్రం చెవుల్లో దబదబమంటోంది. నాకేమీ కాకపోతే ఈయన ఎప్పటికీ నమ్మడు అనుకుంది. ఆ తర్వాత వేళ్ల చివర్లు చురుక్కుమన్నాయి. నోట్లో నీళ్లూరాయి, కడుపులో దేవింది. గదిలో చప్పుళ్లన్నీ గోడ అవతలికి వెళ్లిపోయాయి. అద్దం అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. ఇది చావు కాదని ఆమెకి తెలుసు. తెలిసినా ఒళ్లంతా చావని అరిచింది. అతనికి ఆ రోజు ఇలాగే ఉండి ఉంటుంది, ఇందులోనే తను అతన్ని నిలబెట్టి ఉంచింది. కాళ్లు కదపాలనిపించింది. కదపలేదు.

ఆ తర్వాత రెండు చేతులు ఆమెని గట్టిగా పట్టుకున్నాయి. కుర్చీలోంచి ఎప్పుడు దూకాడో, అతనే. చంకల కింద చేతులు దూర్చి, గుండెకి అదుముకుని, నిలబెట్టి పట్టుకున్నాడు. "ఏయ్! ఏయ్! చూడు! ఇటు చూడు!" అంటున్నాడు. "దించరా! దించరా తమ్ముడూ!" అని వదిన గొంతు ఎక్కడో వినబడింది. అతను దించలేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలబడి ఆమెని పరుపు మీద వాల్చేశాడు.

ముందు వెలుతురు వచ్చింది, దాని వెనక చప్పుళ్లు వచ్చాయి. ఆమె కాళ్లు అతని ఒళ్లో ఉన్నాయి. అతను పరుగులు పెట్టిన మనిషిలా రొప్పుతున్నాడు.

"చూశారా?" అంది ఆమె. "నా గుండెకి ఏమీ లేదు. అయినా పడ్డాను. మీకూ అంతే. మీ గుండె ఆగలేదు. నేను ఆపినంత పని చేశాను."

అతను ఆమె పాదాలని చేతుల్లోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంత భయంగా ఉంటుందా?"

"ఏది, పడిపోవడమా?"

"కాదు. చూస్తూ ఉండటం."

ఆమె తలూపింది. అప్పుడు ఏడుపు వచ్చింది, ఇన్నాళ్లదీ కలిపి. వదిన ముక్కు చీదుకుంటూ ఇస్త్రీపెట్టె ఆపేసి, "మీ ఇద్దరూ కలిసి నన్ను చంపేలా ఉన్నారు" అని పైకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున అతను బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గుమ్మంలో ఆగి "వెంట వస్తావా?" అన్నాడు. వస్తానని నోటిదాకా వచ్చింది. "నాకు పనుంది" అంది. అతను ఆమె మొహంలోకి చూసి, సరేనని తలూపి, మెట్లు దిగాడు. వీధి మలుపు దాకా కనబడ్డాడు. ఆ తర్వాత కనబడలేదు.

ఆమె మిషను ముందు కూర్చుంది. కూనిరాగం తీయలేదు. మిషను తిరుగుతోంది, గుడ్డ కదులుతోంది, సూదిలో దారం లేదని చాలాసేపటికిగానీ చూసుకోలేదు. ఒళ్లు గగుర్పొడిచే ఆలోచనలన్నీ వరసగా వచ్చాయి. దేన్నీ పొమ్మనలేదు. పొమ్మంటే పోయేవి కావు.

ఆఖరికి మలుపులో కనబడ్డాడు. మొహం కందిపోయి ఉంది. ఊపిరి పెద్దపెద్దగా తీస్తున్నాడు. ఆమె గబుక్కున గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులూ వాటంతటవే ముందుకి సాగాయి. అతను వేగం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, మెల్లగా గుమ్మం దాకా వచ్చాడు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆగలేదు. అలాగే నింపాదిగా అడుగులేసుకుంటూ ఇల్లు దాటి, వీధి రెండో వైపుకి సాగిపోయాడు.

లోపలికి రమ్మని ఆమెలో ప్రతి నరమూ అరిచింది. అతని వీపు చిన్నదై, ఆ చివరి మలుపు తిరిగి, మళ్లీ కంటికి కనబడకుండా పోయింది. ఆమె చాచిన చేతుల్ని మెల్లగా దించుకుంది. పిలవలేదు.